మొదటినుంచి మళ్ళీ చెప్పండి

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ కంపెనీలో బాయిలర్ పేలుతుందన్నా అంత బెదరరు గానీ, పొద్దున ఎనిమిదింటి మీటింగ్ అంటే మాత్రం అందరికీ గుండెల్లో రాయి పడుతుంది.

ఆరు ఊళ్ళలో ఆరు బ్రాంచీలు. ఒక్కో బ్రాంచిలో ఒక ఇన్‌చార్జి, ఉతుకుడుకో పెద్ద, ఇస్త్రీకో పెద్ద, బాయిలర్‌కో పెద్ద. ఎనిమిదయ్యేసరికి వీళ్ళంతా కంపెనీ ఇచ్చిన ట్యాబ్‌ల ముందు కూర్చోవాలి. ముఖం కనపడాలి. మైకు మూసి ఉండాలి. హెడ్డాఫీసులో కూర్చున్న మేనేజర్ నిన్న ఏ లారీ ఆలస్యమైందో, ఏ ఆసుపత్రి దుప్పట్ల మీద మరకలు పోలేదో చదువుకుంటూ పోతాడు. చదువుతూ చదువుతూ ఉన్నట్టుండి ఆగి, ఎవరో ఒకర్ని పిలిచి, "ఇప్పుడు నేనేమన్నాను?" అంటాడు. చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే ఆ రోజు మీటింగ్ మొత్తం పక్కవాళ్ళని అడిగి చేత్తో రాసి పంపాలి. బడి ఎగ్గొట్టి పనిలో చేరిన మనుషుల్ని యాభై ఏళ్ళప్పుడు బడే వెతుక్కుంటూ వచ్చింది. ఆరు బ్రాంచీల్లోనూ ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాడు లేడు. 'ఏమన్నాను సారు' అనే అంటారు.

ఆ ఏమన్నాను సారుకి సంవత్సరం నుంచి చిక్కని మనిషి ఒక్కడే ఉన్నాడు. ఒకటో బ్రాంచి బాయిలరాయన.

ఎప్పుడు పిలిచినా, ఏ మూల నుంచి అడిగినా, అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పేస్తాడు. "రెండో లారీ టైరు మార్చాకే బయలుదేరాలి అన్నారు సార్." "ఆపరేషన్ థియేటర్ గుడ్డలు వేరే సంచిలో కట్టాలి అన్నారు సార్." మిగతావాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. ఇప్పటికి మూడుసార్లు ఇంపోజిషన్ రాసిన ఇస్త్రీ అక్క అయితే మీటింగ్ అవగానే బాయిలర్ గది గుమ్మంలో నిలబడి దులిపేసేది.

"ఏం తింటావు తమ్ముడూ నువ్వు? నేను రెండు కళ్ళూ ఆయన మూతి మీదే పెట్టి కూర్చుంటాను. అయినా ఆయన పిలవగానే అంతా ఆవిరైపోతుంది."

"ఏముందక్కా, చెవి."

"నాకు మాత్రం లేవా, రెండున్నాయి. పైగా కమ్మలు కూడా ఉన్నాయి."

నిజానికి బాయిలరాయన ఆ మీటింగుల్లో ఒక్క ముక్క వినేవాడు కాదు.

ఇరవై ఆరేళ్ళ బాయిలర్ బతుకు ఆయన చెవిని అలా తయారుచేసింది. బాయిలర్ దగ్గర మనిషి వింటూ కూర్చోడు. గేజ్ తుడుస్తాడు, వాల్వ్ బిగిస్తాడు, టీ తాగుతాడు. చెవి మాత్రం తన పాటికి తను కాపలా కాస్తూ ఉంటుంది. హోరు మారితే చటుక్కున తట్టి లేపుతుంది. మాటలతోనూ అంతే అయిపోయింది. ఎవరేం చెప్పినా ఆ మాట చెవి దాకా వచ్చి గుమ్మంలో కూర్చుంటుంది. లోపలికి రాదు. వెనకాల ఇంకో మాట వస్తే మొదటిది లేచి దాని దారిన అది పోతుంది. ఎవరైనా అడిగితే ఆ క్షణాన గుమ్మంలో ఎవరు కూర్చుంటే వాళ్ళని అమాంతం తెచ్చి ఎదట నిలబెడతాడు. చివరి వాక్యం, చెక్కు చెదరకుండా. దాని ముందేం వచ్చాయో, ఎందుకొచ్చాయో ఆయనకి తెలియదు, ఏమన్నాను సారు అడగడు.

మరి చెవి గుమ్మంలో ఉంటే మనిషి ఎక్కడుంటాడు?

నాలుగో బ్రాంచి గడిలో ఉంటాడు.

ఆ ట్యాబ్‌ని సబ్బుపొడి డబ్బాకి ఆనించి, ఇరవై నాలుగు గడుల్లో ఒక గడి మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే, అది కదలకుండా పైన నిలిచిపోతుందని ఆయనకి రెండో వారంలోనే తెలిసింది. ఎవరూ నేర్పలేదు. అవసరం నేర్పింది. ఆ గడిలో ఒకావిడ ఉంటుంది. నాలుగో బ్రాంచి ఇన్‌చార్జి. కళ్ళజోడుకి నల్లతాడు. వెనకాల బీరువా ఎత్తు దుప్పట్ల దొంతర. ఎడం పక్క నుంచి ఎండ. అక్కడ ఎనిమిదింటికే ఎండ అంత పసుపుగా ఉంటుంది, ఇక్కడ ఆ వేళకి గోడలింకా చల్లగానే ఉంటాయి. ఆ ఎండ ఆవిడ చెంప మీద నుంచి మెడ మీదకి దిగడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. బాయిలరాయన ప్రెషర్ గేజ్‌లో ముల్లునైనా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

ఆవిడ చేతులు ఊరికే ఉండవు. ఎదురుగా ఏ కాగితం ఉన్నా సగానికి మడుస్తుంది, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. ఎవరైనా నిజంగా పనికొచ్చే మాట చెప్తున్నప్పుడు మాత్రం మడవడం ఆపేసి తల కొంచెం వంచుతుంది. ఆ తల వంపు కోసం ఆయన రోజూ కాచుకుని కూర్చునేవాడు. ఎవరి మాటకో, ఏ లారీ గొడవకో ఆవిడ అలా తల వంచితే ఆ మాట్లాడేవాడి మీద ఈయనకి కడుపు మండేది. ఒకప్పుడు ఆ తల తన వైపే వంగేది మరి.

ఆవిడ ఆయన భార్య.

కాగితాలేం రాసుకోలేదు, కోర్టులకెక్కలేదు. ఏడేళ్ళుగా ఇద్దరివీ రెండు ఊళ్ళు, అంతే. ఇదే ఒకటో బ్రాంచిలో ఆవిడ దుప్పట్లు మడిచేది, ఈయన ఆవిరి పంపేవాడు. అక్కడే చూసుకున్నారు, అక్కడే ఒప్పుకున్నారు, పదిహేనేళ్ళు ఒకే గొడుగు కింద పనికి వచ్చారు. బస్సు టిక్కెట్లు కూడా ఆవిడ నాలుగు మడతలు పెట్టి ఈయన చొక్కా జేబులో దోపేది. ఇప్పటికీ పాత చొక్కా ఉతికితే అప్పుడప్పుడూ ఒక గట్టిపడ్డ ఉండ బయటపడుతుంది. ఆయన దాన్ని పారెయ్యడు, విప్పడు కూడా.

చెడింది ఎక్కడంటే, ఈ చెవి దగ్గరే.

ఇంట్లో ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుకుని కూర్చునేవాడు. ఫ్యాను, కుళాయి, ఏదైనా. ఆవిడ మాట్లాడుతుంటే "ఊఁ" కొట్టేవాడు. ఆవిడకి అనుమానం వచ్చేది.

"ఏమయ్యా, వింటున్నావా? నేనేమన్నాను, చెప్పు?"

చెప్పేవాడు. చివరి వాక్యం, అక్షరం పొల్లు లేకుండా. మొదట్లో ఆవిడ నవ్వేది. "చిలకని కట్టుకున్నాను తల్లీ" అనేది. కొన్నాళ్ళకి నవ్వడం మానేసింది. ఇంకొన్నాళ్ళకి అడగడం కూడా మానేసింది. ఆ మానేసిన రోజున ఈయన, హమ్మయ్య, ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాడు. మగాడి బుద్ధి!

చివరిసారి అడిగింది ఏడేళ్ళ కిందట ఒక సాయంత్రం. ఈయన ఒళ్ళో కుళాయి, చేతిలో వాషరు. ఆవిడ ఎదురుగా కూర్చుని నెమ్మదిగా, చాలాసేపు ఏదో చెప్పింది. చెప్పి, "నేనేమన్నాను?" అంది.

"రేపు పొద్దున ఎనిమిదిలోపు చెప్పాలి అన్నావు" అన్నాడు వాషరు వైపు చూస్తూనే.

 ఆవిడ లేచి ఆరిన బట్టలు మడుచుకుంది.

ఎనిమిదిలోపు ఏం చెప్పాలో ఆయనకి తెలియదు. మర్నాడు ఎనిమిదికి బాయిలర్ ముట్టించుకుంటున్నాడు. కొత్తగా తెరిచే నాలుగో బ్రాంచికి ఆవిడని ఇన్‌చార్జిగా రమ్మన్నారనీ, 'మా ఆయనకి కూడా అక్కడే బాయిలర్ ఇస్తేనే వస్తాను' అని ఆవిడ పోట్లాడి ఒప్పించిందనీ, 'నువ్వు వద్దంటే మానేస్తాను, ఉండమంటే ఉంటాను, ఏదో ఒకటి నోరు తెరిచి చెప్పు' అని ఆ సాయంత్రం అడిగిందనీ ఆయనకి నెల తర్వాత ఇస్త్రీ అక్క చెబితే తెలిసింది. అప్పటికే ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళే రోజున ఈయన వీధి వినపడేలా అరిచాడు, నాకు చెప్పకుండా సంతకం పెడతావా అని. ఆవిడ పెట్టె గుమ్మం దాటిస్తూ ఒక్కటే మాట అంది.

"చెప్పాను. నువ్వే తిరిగి అప్పజెప్పావు కదా."

తర్వాత వెళ్ళొచ్చుగా అంటారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆవిడే రావాలి అని కూర్చున్నాడు. మొదట్లో ఫోన్లు, తర్వాత పండగలకీ పబ్బాలకీ ఫోన్లు, తర్వాత అవీ లేవు. కళ్ళు కాయలు కాచాక, సరిగ్గా ఆరేళ్ళకి, కంపెనీ ఈ మీటింగ్ పెట్టింది. మొదటి రోజున ఆ గడి వెలిగి ఆవిడ ముఖం కనపడగానే ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి తెర దగ్గరికి జరిగాడు. సంవత్సరమైంది. ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆవిడ తన గడి చూస్తుందో లేదో కూడా ఆయనకి తెలియదు. ఈ మీటింగుల్లో ఉన్న దిక్కుమాలినతనమే అది. అందరూ ఎదురుగానే ఉంటారు, ఎవరు ఎవర్ని చూస్తున్నారో మాత్రం దేవుడిక్కూడా తెలియదు.

ఆ రోజు బుధవారం. ఏమన్నాను సారు మరకల సంగతి ముగించి, "నాలుగో బ్రాంచి మేడం ఏదో చెప్పాలన్నారు, చెప్పండి" అన్నాడు.

ఆవిడ మైకు తెరిచింది. బాయిలరాయన ట్యాబ్ మీదకి వంగాడు. ఆవిడ గొంతు వచ్చిన రోజు ఆయనకి పండగే. ఆ గొంతు ఇప్పుడు కొంచెం బరువెక్కింది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటోంది. జలుబు చేసిందా? చున్నీ ఏదీ కప్పుకోలేదేం, ఆ ఎండ పడే పక్క కిటికీ తెరిచే ఉన్నట్టుంది. చెవి పక్కన తెల్లవెంట్రుక పోయిన వారం లేదు. ఉందేమో, తనే చూడలేదేమో. ఈ రోజు చేతిలో కాగితం ఉంది గానీ మడవడం లేదు. రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. ఎందుకు పట్టుకుంది? ఆ వేళ్ళు...

"బాయిలర్ గారూ!" అని పిలిచాడు ఏమన్నాను సారు. "మేడం ఇప్పుడు ఏమన్నారు?"

ఆయన వేలు మైకు నొక్కింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"మీటింగ్ అయ్యేలోపు చెప్పాలి అన్నారు సార్."

అన్న తర్వాత ఆ మాట ఆయనకే వినపడింది. ఒంట్లో ఆవిరంతా ఒక్కసారి దిగిపోయినట్టయింది. ఈ మాట తనెక్కడో అన్నాడు. ఇలాగే '...లోపు చెప్పాలి' అని, ఇంతే ధీమాగా.

"చూశారా!" ఏమన్నాను సారు పొంగిపోయాడు. "ఇదీ శ్రద్ధంటే. ఏడాదిలో ఒక్కసారి తప్పలేదు ఈయన. బాయిలర్ గారూ, రేపు మీటింగ్‌లో ఓ అయిదు నిమిషాలు మీరే మాట్లాడండి. మీటింగ్‌లో దృష్టి చెదరకుండా ఎలా కూర్చోవాలో అందరికీ చెప్పండి."

ఇరవై రెండు గడుల్లో చప్పట్లు. మైకులు మూసి ఉన్నాయి కదా, చప్పుడు లేని చప్పట్లు. నాలుగో గడిలో మాత్రం ఆవిడ చేతిలో కాగితాన్ని సగానికి మడిచింది. మళ్ళీ సగానికి. ఇంక మడవడానికి చోటు లేనంత చిన్నదయ్యాక పక్కన పెట్టేసింది. ఏదో గడి మూల పచ్చగా చెయ్యి గుర్తు ఒకటి లేచింది. ఆయన దాన్నీ, ఆ తర్వాతి మాటల్నీ పట్టించుకోలేదు. మీటింగ్ అయిపోయింది.

గోడ అవతల్నించి చెప్పులు టపటపలాడించుకుంటూ ఇస్త్రీ అక్క వచ్చింది.

"ఏం తమ్ముడూ, చెయ్యెత్తలేదేం?"

"దేనికి?"

"దేనికా? ఆవిడ అంతలా చెప్తే దేనికంటావేం?"

"ఏం చెప్పిందక్కా?"

ఇస్త్రీ అక్క రెండు చేతుల్తో నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ చెవుల్లో సీసం పొయ్య! రామాయణమంతా విని రాముడికి సీతేమవుతుందన్నాడట నీలాంటివాడే. వాళ్ళ బాయిలర్ పెద్దాయన నెలాఖరుకి దిగిపోతున్నాడంట. ఆ చోటుకి అనుభవం ఉన్న మనిషి కావాలంది. గది ఉందంది, కిటికీ ఉందంది, ఇంకా ఏదేదో చెప్పింది. ఆరు బ్రాంచీలకీ చెప్పినట్టే చెప్పింది గానీ, వినే ఆడదానికి తెలియదూ ఎవరికి చెప్తోందో? వచ్చేవాళ్ళు మీటింగ్ అయ్యేలోపు చెప్పాలి అంది. నువ్వేమో చిలకలా ఆ ముక్కే తిరిగి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నావు. ఆ మొహం చూశావా ఆవిడది?"

"చూశాను" అన్నాడు. "చూస్తూనే ఉన్నాను."

"చూశాడట! ఏడేళ్ళ కిందట విననూ లేదు, చూడనూ లేదు. ఇప్పుడు చూడ్డం నేర్చుకున్నావు. సగం చదువు."

ఆయన హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. ఏమన్నాను సారు మంచి హుషారులో ఉన్నాడు.

"నాలుగో బ్రాంచి బాయిలరా? అయిపోయింది కదండీ. ఆరో బ్రాంచి ఆయన చెయ్యెత్తాడు. మేడం రెండు నిమిషాలు ఆగి, ఇంకెవరూ లేరు కదా అని అడిగి మరీ సరేనన్నారు. మీరు మీటింగ్‌లోనే ఉన్నారుగా, విన్నారు కదా?"

"విన్నాను సార్" అని ఫోన్ పెట్టేశాడు.

చేతులు కాలాక ఆకులు. ఆ పగలంతా గేజ్ తుడిచిందే తుడిచాడు. ఏడేళ్ళ కిందటిది గుమ్మంలోంచి పోయింది, ఇవాళ్టిదీ గుమ్మంలోంచే పోయింది. రెండుసార్లు ఒకే మనిషి వచ్చి తలుపు తట్టింది, రెండుసార్లూ తను ఇంట్లో ఉండి కూడా పలకలేదు. ఇంక మూడోసారి ఎందుకు తడుతుంది? ఆయనకి ఆ పోస్టు చేజారినందుకు బాధ లేదు. ఆవిడ ఆ కిటికీ గురించి ఏం చెప్పిందో తెలియనందుకు ప్రాణం లాగుతోంది. కిటికీ ఉందని ఆవిడ చెప్పిందంది అక్క. ఎలా ఉందంది? ఎటు వైపు ఉందంది? అక్కని మళ్ళీ అడిగాడు. "నాకేం గుర్తు తమ్ముడూ, కిటికీ అంటే కిటికీయే" అంది అక్క.

గురువారం ఆయన సెలవు. అయినా ప్రసంగం ఉందని వచ్చాడు. ఆయన సెలవు రోజుల్లో బాయిలర్ చూసే ఉతుకుడు పెద్దని మీటింగ్‌కి నీ చోటికి పొమ్మని పంపేశాడు. ఎనిమిదికి అయిదు నిమిషాలుండగా ఒక పని చేశాడు. ఇరవై ఆరేళ్ళలో పని వేళ ఎప్పుడూ చెయ్యని పని. బర్నర్ ఆపేశాడు.

హోరు తగ్గింది. సన్నబడింది. ఆగింది. గొట్టాలు ఒకటొకటిగా టక్ టక్‌మని చల్లబడటం మొదలుపెట్టాయి. ఆ తర్వాత అదీ లేదు. చెవికి కాపలా కాయడానికి ఏమీ మిగల్లేదు. ఆ గది అంత ఖాళీగా ఉంటుందని ఆయనకి ఇన్నేళ్ళూ తెలియదు.

మీటింగ్ మొదలైంది. నాలుగో గడిలో ఆవిడ ఉంది. ఇవాళ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. ఆయన ఆ గడిని పైకి తెచ్చి నిలబెట్టుకోలేదు. ఎక్కడుందో అక్కడే ఉండనిచ్చాడు.

"ఇప్పుడు మన బాయిలర్ గారు మాట్లాడతారు. అందరూ జాగ్రత్తగా వినండి, మధ్యలో అడుగుతాను" అన్నాడు ఏమన్నాను సారు.

బాయిలరాయన మైకు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారం సార్. అందరికీ నమస్కారం. నేను మీటింగ్‌లో ఏమీ వినను సార్."

ఇరవై మూడు గడుల్లో ఒక్క తల కదల్లేదు.

"ఏమన్నారు?" అన్నాడు ఏమన్నాను సారు. ఆయన ఆ మాట నిజంగా తెలియక అడగడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"వినను సార్. చివరి మాట చెవిలో ఉండిపోతుంది. అడగ్గానే అదిచ్చేస్తాను. ముందేం చెప్పారో నాకు తెలియదు. ఇంట్లోనూ అంతే చేశాను. ఇల్లు పోయింది. నిన్న నాలుగో బ్రాంచి మేడం ఏదో చెప్పారు. నేను ఆ మీటింగ్‌లోనే ఉన్నాను, చివరి ముక్క అప్పజెప్పాను, మీరు చప్పట్లు కొట్టించారు. ఆ ముందు మేడం ఏం చెప్పారో నాకు తెలియదు సార్. ఇంపోజిషన్ రాయమంటే రాస్తాను. చెప్పినంత సేపు రాస్తాను. కానీ ఒక్కసారి..." ఆయన ఆగి, ఆవిడ గడి వైపు కాకుండా ట్యాబ్ పైన కెమెరా చుక్క వైపు చూశాడు. అక్కడ చూస్తేనే అవతలి వాళ్ళకి తమని చూస్తున్నట్టుంటుందని ఎవరో అన్నారు. "మేడం, మొదటినుంచి మళ్ళీ చెప్పండి."

"బాయిలర్ గారూ, ఆ పోస్టు నిన్ననే..." అంటున్నాడు ఏమన్నాను సారు.

అంతలో ఇస్త్రీ అక్క గడిలో మైకు తెరుచుకుంది. "సార్, మాకిక్కడ ఆవిరి రావట్లేదు సార్! ఇస్త్రీ మిషన్ చల్లబడిపోయింది! ఏం తమ్ముడూ, బాయిలర్..." అని ఏదో అర్థమైనదానిలా చటుక్కున ఆగింది. "ఏం లేదు సార్. ఏం తొందర లేదు. మేడం చెప్పనివ్వండి."

నాలుగో గడిలో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. మైకు తెరిచింది. 

"మా బాయిలర్ పెద్దాయన నెలాఖరుకి దిగిపోతున్నారు" అంది. నిన్న ఎలా చెప్పిందో అలాగే, ఆఫీసు గొంతుతోనే మొదలుపెట్టింది. "మాకు రెండు బాయిలర్లున్నాయి. రెండోది ముసలిది. చలి రోజుల్లో పొద్దున్నే మొరాయిస్తుంది. దాన్ని తిట్టకుండా దగ్గర కూర్చునే మనిషి కావాలి. వయసు ఎంతైనా ఫర్వాలేదు. ఉండటానికి మేడ మీద గది ఉంది. వీధి వైపు కిటికీ ఉంది. కిటికీ తలుపు బిగుసుకుపోయి ఏడేళ్ళుగా సగమే తెరుచుకుంటోంది. ఎవర్నీ పిలిచి బాగు చేయించలేదు. కుళాయి కూడా కారుతుంది. నేను ఒక్కదాన్నే ఉంటాను కింద, ఆఫీసు పక్క గదిలో. వచ్చేవాళ్ళకి ఇబ్బందేం ఉండదు. వచ్చే ఉద్దేశం ఉన్నవాళ్ళు మీటింగ్ అయ్యేలోపు చెప్పాలి." ఆగింది. "ఇంతే నిన్న చెప్పింది."

ఆయన అడగకుండానే మొదలుపెట్టాడు. పెద్దాయన దిగిపోవడం దగ్గర్నుంచి. రెండు బాయిలర్లు, రెండోది ముసలిది, చలి, తిట్టకుండా దగ్గర కూర్చునే మనిషి. మేడ మీద గది. బిగుసుకుపోయిన తలుపు, ఏడేళ్ళు, సగం. ఎవర్నీ పిలవలేదు. కుళాయి. కుళాయి మాట రెండుసార్లు అన్నాడు.  కొన్ని మాటలు అటూ ఇటూ అయ్యాయి, చిలకలా రాలేదు, తడుముకుంటూ, వెనక్కి వెళ్ళి వెతుక్కుంటూ వచ్చాయి. చెబుతూ మధ్యలో ఒకసారి ఆ గడి వైపు చూశాడు. ఆవిడ చేతుల్లో ఏమీ లేదు. తల కొంచెం పక్కకి వంగి ఉంది.

"సరిగ్గా చెప్పారు" అంది ఆవిడ.

"బాగుందండీ, బాగుంది" అన్నాడు ఏమన్నాను సారు, ఏం చెయ్యాలో తెలియక కాగితాలు సర్దుకుంటూ. "కానీ పోస్టు అయితే అయిపోయింది. ఆరో బ్రాంచి ఆయనకి ఆర్డరు కూడా వెళ్ళింది."

"తెలుసు సార్" అంది ఆవిడ. "అడిగారు కాబట్టి చెప్పాను."

మీటింగ్ అయిపోయింది. గడులు ఒక్కొక్కటే ఆరిపోవడం మొదలైంది. ఒకటి ఆరినప్పుడల్లా మిగిలినవి కాస్త పెద్దవవుతాయి. ఎప్పుడూ ఆయన ఎర్రబొత్తం ముందే నొక్కేసేవాడు, పట్టుబడిపోతానేమోనని. ఇవాళ నొక్కలేదు. ఇరవై, పదిహేను, తొమ్మిది, నాలుగు. అగ్గిపెట్టంత ఉన్న ముఖం అరచేయంత అయింది. ఇస్త్రీ అక్క గడి చిట్టచివర "వెళ్తున్నా, వెళ్తున్నా" అంటూ ఆరిపోయింది. ఏమన్నాను సారు కెమెరా వదిలేసి ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు, ఖాళీ కుర్చీ కనపడుతోంది. ఇక మిగిలినవి రెండు. ఆవిడ ముఖం సగం తెర నిండింది. చెవి పక్కన తెల్లవెంట్రుక ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

ఆవిడ వెళ్ళలేదు.

"ఏమయ్యా" అంది. ఇందాకటి ఆఫీసు గొంతు కాదు. ఏడేళ్ళ కిందటి గొంతు. "ఆ కిటికీ దగ్గర పొద్దున పూట ఎండ ఎలా పడుతుందంటే, నువ్వు గనక..."

ఖాళీ కుర్చీలోకి ఏమన్నాను సారు వచ్చి కూర్చున్నాడు. చూసుకోకుండా ఏదో నొక్కాడు. తెర నల్లబడింది. 'మీటింగ్ ముగిసింది' అని తెల్లటి అక్షరాలు.

బాయిలరాయన ఆ నల్లటి అద్దంలో తన ముఖం చూసుకుంటూ కూర్చున్నాడు. జీవితమంతా చివరి మాటలు పోగేసుకున్న మనిషి చేతికి ఇన్నాళ్ళకి మొదలు దొరికింది, చివర దొరకలేదు. నువ్వు గనక... ఏమిటి? వస్తే? చూస్తే? అప్పుడు వచ్చి ఉంటే? ఫోన్ చేసి అడగొచ్చు. ఫోన్ తీశాడు. నంబరు ఇంకా ఉంది. బొటనవేలు దాని మీద పెట్టి, తీసేశాడు. ఫోన్లో ఆవిడ చెబుతుంది, తన చెవి మళ్ళీ గుమ్మంలో కూర్చుంటుందేమో. ఈ ఒక్క మాటని మాత్రం చెవి చేతిలో పెట్టలేడు.

ఇస్త్రీ అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. తిట్టడానికి నోరు తెరిచి, ఆయన ముఖం చూసి మూసుకుంది.

"ఆవిరి కావాలి తమ్ముడూ. దుప్పట్లు కొండలా పడున్నాయి."

ఆయన లేచి బర్నర్ ముట్టించాడు. మంట అందుకుంది. గొట్టాల్లో మొదటి వేడి కదిలింది.

"అక్కా, ఆ ఊరికి బస్సెంత సేపు?"

"ఆరు గంటలంటారు. ఎందుకు, పోస్టు అయిపోయిందిగా?"

"పోస్టు కోసం కాదు. ఆ కిటికీ తలుపు బిగుసుకుపోయిందట. కుళాయి కూడా." వాషర్ల డబ్బా తీసి మూత తెరిచాడు, మూశాడు. "వచ్చే గురువారం నాకు సెలవు కదా అని."

ఇస్త్రీ అక్క ఆ డబ్బా వైపు ఓసారి, ఆయన వైపు ఓసారి చూసింది. 

"నీ సెలవు ఎప్పుడూ గురువారమే కదా తమ్ముడూ" అంది. "ఈ ఏడేళ్ళూ."

ఆయన వాల్వ్ బిగించాడు. హోరు మొదలై గది నిండుతోంది. దాని కింద, అది ముంచెయ్యకముందే, ఆ మాటని మొదటినుంచి ఇంకోసారి లోపల చెప్పుకుంటున్నాడు. ఏమయ్యా, ఆ కిటికీ దగ్గర పొద్దున పూట ఎండ ఎలా పడుతుందంటే.